మణికట్టున నాడి, మడతలో లోకము

సుహృద్వరులొకరు మొన్న మా ఇంటికి విచ్చేసి, నా ఎడమచేతి మణికట్టును, బల్లపై ముడుచుకొనియున్న ఫోనును మార్చి మార్చి చూచి, "మీవంటివారికి కూడ ఈ రెండును కావలసివచ్చినవా?" అని అడిగిరి. ఆ ప్రశ్నలో కొంత పరిహాసము, కొంత నిరాశ కలదు. సంస్కృతము బోధించువాడు, ఉభయసంధ్యలయందు అర్ఘ్యమిచ్చువాడు, అపరిగ్రహమును గూర్చి అప్పుడప్పుడు వ్రాయువాడు లక్షన్నర రూపాయలకు పైబడిన యంత్రమును మడచుచు విప్పుచు కూర్చుండుట వారికి రుచింపలేదు. ఫోను మా అబ్బాయి రెండేండ్లు వాడి, క్రొత్తది కొనుక్కొని, నాకిచ్చినదని చెప్పి అప్పటికి తప్పించుకొంటిని. అది సత్యమే కాని సమాధానము కాదు. వాచీని నేనే కొంటిని గదా! అందుచేత ఆనాడు చెప్పలేకపోయిన దానిని ఇచ్చట విచారించుచున్నాను.

మొదట ఫోను సంగతి. నాకు చత్వారము వచ్చి పదునైదేండ్లైనది. నేను చదువు గ్రంథములలో అధికభాగము ఇప్పుడు ముద్రణలో లేనివి. పుటలకు ఛాయాచిత్రములు తీసి అంతర్జాలమున ఉంచినవి. అట్టి పుటను సాధారణమైన ఫోనులో చదువుట ఎట్టిదో అనుభవించినవారికి తెలియును. అక్షరము కనబడవలెనన్న పుటను వ్రేళ్ళతో విస్తరింపవలెను. విస్తరించిన పంక్తి సగము తెర దాటిపోవును. దానిని వెంబడించి ఎడమకును కుడికిని జరుపుచుండగా అన్వయము చెడును. వ్యాఖ్యానగ్రంథములలో ఈ కష్టము మరీ అధికము. కర్త మొదటి పంక్తిలోను, క్రియ ఐదవ పంక్తిలోను ఉండు వాక్యమును కిటికీ ఊచల సందునుండి రథోత్సవమును చూచినట్లు చూడవలసి వచ్చును. మడతఫోనును విప్పినచో లోపలి తెర 7.6 అంగుళములు. పుట సమగ్రముగా కనబడును. ఒక సగమున గ్రంథమును, రెండవ సగమున ఆంధ్రభారతివారి నిఘంటువులను తెరచి ఉంచుకొందును. సూర్యరాయాంధ్ర నిఘంటువు సంపుటములను అలమర పైయరనుండి దింపు శ్రమ నా మోకాళ్ళకు తప్పినది.

అయితే నాకు దానియందు అభిమానము కలిగించినది తెర వైశాల్యముకంటె మడతయే. 2019లో సామ్‌సంగ్ సంస్థ గెలాక్సీ ఫోల్డును తెచ్చిన నాటినుండి ఈ జాతి ఫోనులు లోకమునకు పరిచితములైనవి. వెంట్రుకకంటె సన్నని గాజుపొర, నడుమ ఒక కీలు. ఆ కీలును 2 లక్షల మారులు మడచి పరీక్షించితిమని నిర్మాతలు చెప్పుదురు. వెలుతురు వాలుగా పడినపుడు తెర మధ్యను దుక్కిచాలువంటి గీత కనబడును. మొదటి వారము అది కంటికి ముల్లువలె ఉండెను, పిదప మరచితిని. నాకు ముఖ్యమైనది వేరొకటి. దానిని విప్పుటకు రెండు చేతులు కావలెను. చేతిలో కాఫీగ్లాసు ఉన్నచో దానిని క్రింద పెట్టవలెను. అనగా, విప్పుట ఒక సంకల్పపూర్వకమైన క్రియ. మా తాతగారి తాళపత్రములు ఇప్పటికిని అటకపై ఉన్నవి. రెండు చెక్కపలకల నడుమ ఇమిడ్చి, త్రాటితో చుట్టి, పాత పట్టుగుడ్డలో కట్టినవి. చేతులు కడుగుకొని, ముడి విప్పి, ఆకులను ఒక్కొక్కటిగా తిరుగవేయవలెను. ఊరక చూతమని ఆ కట్టను విప్పినవారు మా ఇంట ఎవరును లేరు. చదువదలచినవాడే విప్పెడివాడు.

ఇచ్చట ఒక విషయము ఒప్పుకొనకున్న మోసము చేసినవాడనగుదును. మడతఫోనుకు పైభాగమున మరియొక చిన్న తెర కలదు. ముడుచుకొని యున్నను అది మెలకువగానే ఉండును. లోకమంతయు ఆ సందునుండియే చొరబడును. కావున నేను దానిని బోర్లించి పెట్టుట అలవాటు చేసికొంటిని. నా మిత్రుడు చూచినది ఆ బోర్లించిన ఫోనునే.

ఇక వాచీ. పూర్వము ఫోనును లాల్చీజేబులో ఉంచుకొనెడివాడను. ఇది దాదాపు పావుకిలో తూగును. జేబులో వేసినచో లాల్చీ ఒక ప్రక్కకు జారి, ఉత్తరీయము తప్పుగా వేసికొన్నవానివలె కనబడుదును. అందుచేత సంచిలో పెట్టుచుంటిని. గత కార్తికమాసమున ఒక మధ్యాహ్నము, సంచి అధ్యాపకుల గదిలో, నేను తరగతిలో మేఘసందేశము చెప్పుచుంటిని. మేఘము ద్వారా సందేశము పంపవచ్చునా, అచేతనమునకు ఆ శక్తి కలదా అను చర్చలో విద్యార్థులు ఉత్సాహముగా ఉండిరి. ఆ సమయమునందే మా అమ్మ స్నానాలగదిలో జారిపడినది. ఆమెకు 84 ఏండ్లు. తోడుండు పిల్ల ఒక్కతెయు ఆమెను లేవనెత్తలేక నాకు ఐదుమారులు ఫోను చేసెనట. చివరకు ఎదురింటివారు వచ్చి లేపిరి. ఎముక విరుగలేదు, అదృష్టము. కాని నేను ఇల్లు చేరువేళకు గంటన్నర గడచినది. ఆమె అడిగినదెల్ల ఒక్కటే, "అబ్బాయికి చెప్పారా?" అని. నేను మరుసటివారమే వాచీ కొంటిని. ఇప్పుడు సంచిని తరగతిలోనికే తీసికొనిపోయి బల్లపై ఉంచుదును. ఫోను లోపల నిశ్శబ్దముగా ముడుచుకొని ఉండును; ఇంటినుండి పిలుపు వచ్చినచో మణికట్టు వణకును. పాఠము ఆగదు, పిలుపును తప్పిపోదు.

ఇట్లు కొన్న వాచీ మొదటి పక్షమునందు నాకు చేసిన ఉపకారము మాత్రము విపరీతముగా ఉండెను. ఫోనుకు వచ్చు ప్రతి సందేశమును అది మణికట్టునకు చేరవేయసాగినది. కళాశాల సమూహమున శుభోదయములు, వివాహవార్షికోత్సవమునకు ముప్పదిమంది అభినందనలు, బ్యాంకువారి హెచ్చరికలు, గ్యాసు సిలిండరు బయలుదేరినదను వార్త, అది చేరినదను మరియొక వార్త. గుండ్రని ముఖముపై దీర్ఘసమాసము మూడు ముక్కలై, పంక్తుల కొసలు అంచున తెగి కనబడును. అర్థము కాక ఫోను తీసి విప్పుదును. ఫోను విప్పుట తగ్గుటకు బదులు పెరిగినది. ఇంద్రియములను విషయములనుండి మరల్చుకొనువానికి గీతాచార్యుడు కూర్మమును ఉపమానముగా చెప్పెనని మనకందరకు తెలియును. నా ఫోను ఆ కూర్మమువలె చక్కగా అంగములను ముడుచుకొని సంచిలో కూర్చున్నది. నేను మాత్రము అన్నిటిని లోనికి తీసికొని ఒక్క కాలిని బయట వదలిన తాబేలువలె ఉంటిని. ఆ కాలినెవరు త్రొక్కినను దేహమంతయు ఉలికిపడవలసినదే.

ఈ రెండు యంత్రములను కలిపి వాడుటను గూర్చి నా అభిప్రాయమంతయు ఇచ్చటనే కలదు. వాచీ ధరించిన పిమ్మట ఫోనును విప్పు పర్యాయములు తగ్గినచో ఆ రెండింటి సాహచర్యము సార్థకము. తగ్గనిచో రెండవ యజమానిని వెల యిచ్చి కొని తెచ్చుకొన్నట్లే. ఎన్నిమారులు తెరచితిమో ఫోనే లెక్క చూపును. ఎవరికి వారు వారము దినములు చూచుకొనవచ్చును. వాచీ ఎంత నాజూకుగా ఉన్నది, ఎన్ని విద్యలు నేర్చినది అను విచారణ దుకాణములవారికి విడువవచ్చును.

నేను దీనిని గ్రహించినది లెక్క చూచి కాదు. మా అమ్మ వలన.

సాయంకాలము దీపము పెట్టిన పిమ్మట ఒక అరగంట ఆమె వద్ద కూర్చుండుట నాకు అలవాటు. ఆ పడిన నాటినుండి ఆమె జ్ఞాపకము కొంత సడలినది. నిన్నటి మాట నిలువదు. అరువదేండ్ల క్రిందటిది ఉన్నట్లుండి తళుక్కున మెరయును. ఒకనాడు ఆమె గోదావరి వరదల ప్రసంగము ఎత్తుకొన్నది. "యాభైమూడు వరదలప్పుడు, మీ నాన్న ఇంకా చదువుకుంటున్నారు. మీ నాయనమ్మ చెప్పేది. ఆ పడవలో ఎక్కింది ఎవరనుకున్నావు..." అనుచుండగా నా మణికట్టు వణకినది. నేను చూచితిని. ఒక క్షణము, అంతకు మించి కాదు. ఏదో వస్త్రదుకాణమువారి పండుగ తగ్గింపు. తల ఎత్తునప్పటికి ఆమె ఆగిపోయినది. "సరేలే నాన్నా, నీకేదో పనున్నట్టుంది. రేపు చెప్తాను" అన్నది. పని లేదమ్మా, చెప్పుమని ఎంత బ్రతిమాలినను నవ్వి ఊరకున్నది. మరునాడు నేనే గుర్తుచేసి, పడవలో ఎవరెక్కిరని అడిగితిని. "ఏ పడవ?" అన్నది.

జేబులోని ఫోనును తీసి చూచువాడు ఏదో వార్త చూచుచున్నాడని ఎదుటివారు అనుకొందురు. చేతి గడియారమును చూచువాడు "ఇక చాలు, వెళ్ళవలెను" అనుచున్నాడని అనుకొందురు. ఈ సంకేతము మన తండ్రుల తరమునుండియే స్థిరపడినది. సభలో వక్తకు శ్రోతలు ఇచ్చు మౌనసూచన ఇదియే; అతిథికి గృహస్థు నోట అనలేని మాట ఇదియే. స్మార్ట్‌వాచీని చేసినవారు దానిని ఫోనుకంటె మర్యాదగల సాధనమని తలచి యుందురు. శబ్దము లేదు, జేబు తడుముకొనుట లేదు, అరక్షణములో ముగియును. కాని మణికట్టు వైపు దృష్టి మరల్చుటకు మానవులమధ్య ముందే ఒక అర్థమున్నదని వారు గమనించినట్లు లేదు. మా అమ్మ ఆ చిన్నతెరను ఎరుగదు. ఆమె చూచినది కొడుకు గడియారము చూచుకొనుట.

ఆ రాత్రియే కూర్చుండి వాచీలోని అనుమతులన్నిటిని తొలగించితిని. ఇప్పుడు దానిని కదలింపగలవారు నలుగురే. మా ఇంటి నెంబరు, నా సహధర్మచారిణి, కుమారుడు, అమ్మకు చికిత్స చేయు వైద్యుడు. తక్కినవారందరు ఫోనులో వేచియుందురు. మధ్యాహ్నము ఒకమారు, రాత్రి ఒకమారు విప్పి చూతును. ఇది నిర్దోషమైన ఏర్పాటని చెప్పను. వైకుంఠద్వారమున జయవిజయులు సనకాదులను నిలిపి శాపగ్రస్తులైన కథ మనము వినినదే గదా. ద్వారపాలకుడు తప్పక ఎప్పుడో ఒకప్పుడు నిలుపరానివానిని నిలుపును. పదేండ్ల క్రిందట నావద్ద చదివిన విద్యార్థి ఒకడు రైలులో పోవుచు, రాజమహేంద్రవరమున బండి ఆగు కొద్ది నిమిషములలో నన్ను చూడగోరి స్టేషనుకు చేరకముందునుండి పిలిచెనట. రాత్రి ఫోను విప్పినపుడు తెలిసినది. అప్పటికి అతడు ఒడిశా దాటియుండును. చాల బాధపడితిని. అయినను ఆ నలుగురి జాబితాను మార్చలేదు.

ఇక నాడీవిషయము. దీనియందు నాకు వాచీతో స్నేహమును కలదు, కలహమును కలదు.

మన భాషలో నాడి అను పదమునకు ఘడియ అని ఒక అర్థము, మణికట్టున కొట్టుకొను ధమని అని మరియొక అర్థము. అడుగున సన్నని రంధ్రముగల రాగిగిన్నెను నీటిపై విడిచినచో అది నిండి మునుగుటకు పట్టు కాలము ఒక ఘడియ, అనగా 24 నిమిషములు. సూర్యసిద్ధాంతమున కాలగణనకు మూలము ప్రాణము, అనగా ఒక శ్వాస. 6 ప్రాణములు ఒక వినాడి, 60 వినాడులు ఒక నాడి, 60 నాడులు ఒక అహోరాత్రము. గుణించినచో 21,600 శ్వాసలు. శ్వాసకు ఇంచుమించు 4 సెకనులు, నిమిషమునకు 15. ఆరోగ్యవంతుని ఉచ్ఛ్వాసనిశ్వాసములు నేటి వైద్యుల లెక్కకును ఆ ప్రాంతమునందే ఉండును. అనగా మన పూర్వులు శ్వాసతో కాలమును కొలిచిరి. ఈనాడు నా చేతి గడియారము కాలముతో శ్వాసను కొలుచుచున్నది. చర్మముపై ఆకుపచ్చని వెలుగును ప్రసరింపజేసి, రక్తము దానిని ఎంత గ్రహించినదో చూచి, నాడి లెక్కించును. పట్టీ వదులుగా ఉన్నచో తప్పు చెప్పును. బిగుతుగా ఉన్నచో చాలవరకు సరిగా చెప్పును. మూడువ్రేళ్ళు మణికట్టుపై ఉంచి వాతపిత్తకఫములను తెలిసికొను వైద్యుని చేతికి, దీనికి పోలిక లేదు. ఇది సంఖ్య నొక్కదానినే ఎరుగును. అయినను అమ్మ చేతికి ఒకనాడు తొడిగి చూచి, నాడి అతివేగముగా ఉన్నదని వైద్యునికి ఫోనులో చెప్పగలిగితిని. ఆయన మందు మార్చిరి. ఆ ఉపకారమును కాదనను.

కలహమెచ్చటననగా, నిద్రవద్ద. వాచీ ధరించి పడుకొన్నచో తెల్లవారగానే నిద్రకు మార్కులు వేయును. ఒకనాడు నేను మిక్కిలి హాయిగా మేల్కొంటిని. దేహము తేలికగా ఉన్నది, మనస్సు నిర్మలముగా ఉన్నది. మణికట్టు చూచితిని: 61. వెంటనే కన్నులు బరువెక్కినట్లు, తల దిమ్ముగా ఉన్నట్లు తోచినది. ఆ దినమంతయు అలసితిననియే నమ్మి గడపితిని. సాయంకాలము నన్ను చూచి నాకే నవ్వు వచ్చినది. వేదాంతులు సుషుప్తిని విచారించునపుడు దేనిని ఆధారముగా గైకొందురు? మేల్కొన్నవాడు తాను సుఖముగా నిద్రించితినని స్మరించుటనే గదా! ఇంద్రియములు లేవు, మనస్సు లేదు, అయినను ఆ సుఖమునకు సాక్షి ఒకడుండెను గనుకనే స్మృతి కలిగినదని వారి వాదము. నేను ముప్పదియేండ్లుగా ఈ వాదమును విద్యార్థులకు బోధించుచుంటిని. అట్టి నేను, స్వానుభవమును ప్రక్కకు నెట్టి, నిద్రలో నా చేయి ఎన్నిమారులు కదలినది, గుండె ఎంత వేగముగా కొట్టుకొన్నది అనువానినుండి ఊహించి వ్రాసిన అంకెను ప్రమాణముగా స్వీకరించితిని. వాచీ చేసినది అనుమానము. నాకున్నది అనుభవము. శాస్త్రము తెలిసినవాడు ఏది విడిచి ఏది పట్టుకొనవలెనో నేను చెప్పనక్కరలేదు. నేను మాత్రము విపరీతము చేసితిని. నాటినుండి రాత్రి దానిని తీసి ఛార్జింగునకు పెట్టుచున్నాను. ఎటులైనను దానికి దినమున కొకమారు ఆహారము కావలెను.

చిల్లర ప్రయోజనములు పెక్కు కలవు. వాటిని విస్తరింపను. కూరల బండివద్ద డబ్బు చెల్లించుటకు వాచీ పనికిరాదు, ఫోను తీసి చిత్రగడిని చూపవలసినదే. పైతెర అందుకు చాలును, విప్పనక్కరలేదు. ఇంటిలో ఫోను ఎచ్చట పెట్టితినో మరచినపుడు వాచీతో మ్రోగింతును. ఇది వారమునకు రెండుమారులైనను జరుగును. ఒక్క ప్రయోజనమును మాత్రము చెప్పకుండలేను. సంక్రాంతికి అబ్బాయి కోడలితో వచ్చినపుడు ఫోనును సగము మడచి, అరుగుపై పీటవలె నిలిపి, అందరము అమ్మ చుట్టును కూర్చుంటిమి. వాచీ తెరపై మా అందరి ముఖములు కనబడుచుండగా దానిని నొక్కితిని. మా ఇంటి ఛాయాచిత్రములలో నేను కూడ ఉన్నది అదియే. ఇంతకాలమును చిత్రము తీయువాడను నేనే గనుక, అమ్మ ప్రక్కన నాకు చోటు లేకపోయినది.

అపరిగ్రహమును గూర్చి మిత్రుని ఆక్షేపణకు నావద్ద పూర్ణసమాధానము లేదు. లేకున్నను బ్రతుకవచ్చునను మాట నిజము. పల్లెలలో, పట్టణములలో, తల్లిదండ్రులకు దూరముగా పనిచేయు లక్షలమంది ఈ రెండును లేకయే వారిని చక్కగా చూచుకొనుచున్నారు. పాతఫోనును తరగతి బల్లపై పెట్టుకొన్నను నా పని చాలవరకు జరుగును; బోర్లించి పెట్టిన ఫోనుపై రెండునిమిషముల కొకమారు కన్ను వేయక ఉండగల నిగ్రహము ఉన్నచో. అది నాకు లేదు. లేనందువలన ఒక కావలివానిని పెట్టుకొంటిని. నిగ్రహమున్నవారు వాచీ కొననక్కరలేదు, వారికి ఈ వ్యాసముతోను పనిలేదు.

సాయంకాలము దీపము పెట్టునప్పుడు ఇప్పుడు వాచీని కూడ తీసివేయుచున్నాను. ఆ నలుగురిలో ఒకరు నా ఎదుటనే ఉండును. తక్కిన ముగ్గురికి ఇంటి ఫోను కలదు. ముడుచుకొన్న ఫోనుపై దానిని పెట్టి, రెండింటిని లోపలిగదిలో ఉంచి వచ్చి కూర్చుందును. మొన్న అమ్మ నా చేయి పట్టుకొని, మణికట్టున తెల్లబడిన చారను తడిమి, "వాచీ ఏదిరా?" అన్నది. లోపల పెట్టితినంటిని. "మీ నాన్నా అంతే. భోజనానికి కూర్చుంటే హెచ్‌ఎమ్‌టీ వాచీ తీసి కిటికీలో పెట్టేవారు. తిన్నాక మళ్ళీ మర్చిపోయేవారు. నేను వెనకాల వీధి చివరిదాకా పరుగెత్తేదాన్ని" అని చెప్పి చాలసేపు నవ్వినది. ఇది నేను ఇంతకుముందు వినలేదు. పడవ కథ మాత్రము ఇంకను రాలేదు.